సంబంధం లేని సలహాదారు

మా తాగునీటి మండలిలో ఉద్యోగానికి సంబంధించి చిక్కొస్తే ఎవరిని సలహా అడగాలన్నది ఒకప్పుడు సమస్యే కాదు. మనకి ఏ జవాబు కావాలో ముందు మనమే అనుకుని, ఆ జవాబు చెప్పే మనిషిని వెతుక్కునేవాళ్ళం. సెలవు పెట్టాలనుకున్నవాడు క్యాషియర్ దగ్గరికి వెళ్ళేవాడు. "పెట్టి పారెయ్యవయ్యా, ఆఫీసేమన్నా పారిపోతుందా" అనడం ఆయన అలవాటు. పై అధికారితో తగువు పెట్టుకోవాలనుకున్నవాడు యూనియన్ కార్యదర్శి దగ్గరికి వెళ్ళేవాడు. ఏ పనీ చెయ్యకుండా ఉండాలనుకున్నవాడు నా దగ్గరికి వచ్చేవాడు. "తొందరేముంది, చూద్దాం" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో నాకు ఆఫీసంతా గొప్ప ఆలోచనాపరుడన్న పేరొచ్చింది. జనం ఇస్తామంటే వద్దనడానికి నేనెవర్ని?

నా పేరు విశ్వపతి. కాకినాడ ఆఫీసులో కొత్త కుళాయిల సెక్షన్‌కి సూపరింటెండెంట్‌ని. మరి నాకే చిక్కొస్తే? ఆ దిగులు నాకెప్పుడూ లేదు. నా సెక్షన్‌లో ప్రమీలారాణి అని ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేది. ఏ ఫైలొచ్చినా నేను కళ్ళజోడు తుడుచుకుంటూ "ఏమంటావమ్మా?" అనేవాణ్ణి. ఏం చెయ్యాలో ఆవిడ చెప్పేది. నేను కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "నేనూ అదే అనుకుంటున్నాను" అని సంతకం పెట్టేవాణ్ణి. కిటికీలోంచి చూడటం మాత్రం పూర్తిగా నా సొంత పనే.

ప్రమీలారాణికి ఉన్న కోరిక ఒక్కటే, పాలకొల్లు బదిలీ. భర్త అక్కడ బళ్ళో మాస్టారు. ఆరేళ్ళ కూతురు అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఈవిడ శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, సోమవారం తెల్లారగట్ట బస్సులో వచ్చి, కళ్ళు వాచిపోయి సీట్లో కూర్చునేది. బయల్దేరేటప్పుడు పిల్ల కొంగు వదలదట. నిద్రలో ఉండగా వేలూ వేలూ విడదీసుకుని రావాలట. పాలకొల్లులో ఖాళీ ఉంది, పైవాళ్ళు ఒప్పుకున్నారు. కావలసిందల్లా నేను "అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టడం.

నాకేమో అభ్యంతరం ఉంది. ఆవిడ వెళ్ళిపోతే "ఏమంటావమ్మా" అని ఎవరినడగాలి?

"సార్, నా కాగితం..." అనేది.

"చూద్దామమ్మా. ఎండలు తగ్గనీ."

"తగ్గాయండి సార్. బయట వాన పడుతోందండి."

"అయితే వానలు వెళ్ళనీ. వానల్లో సామాన్లు మార్చడం ఎంత కష్టం!" అనేవాణ్ణి. ఆవిడ మీద నాకున్న జాలి అలాంటిది.

అలాంటి రోజుల్లో మా మేనేజింగ్ డైరెక్టర్ రంగధామం గారు శిక్షణ కోసం ఊటీ వెళ్ళొచ్చారు. అక్కడ ఒక వక్త, "ఉద్యోగంలో సమస్య వస్తే, దాంతో ఏ సంబంధమూ లేనివాణ్ణి సలహా అడగండి" అన్నాడట. మిగిలిన వాళ్ళు ఆ మాట విని చప్పట్లు కొట్టి, టీ తాగి, గుర్రాలెక్కి ఫొటోలు తీయించుకుని మర్చిపోయారు. మా రంగధామం గారు మర్చిపోలేదు. ఆయన ఏదైనా మర్చిపోతే ఆఫీసు బాగుపడేది.

రాగానే ఉత్తర్వు వేశారు. "విషయముతో ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని సంబంధము గల వ్యక్తి యొక్క సలహా పక్షపాత దోషముతో కూడియుండునని గమనించడమైనది. కావున ఇకమీదట ఉద్యోగులు తమ సమస్యలపై సదరు విషయముతో ఎట్టి సంబంధమూ లేని వ్యక్తి నుండి మాత్రమే సలహా పొందవలెను. అట్లు పొందిన సలహాను అదే దినమున తప్పనిసరిగా అమలుపరచవలెను."

ఉత్తర్వు మీద మీటింగు పెడితే చీఫ్ ఇంజినీరు నరసింగరావు గారు లేచారు. "అయ్యా, పంపు చెడిపోతే పంపు తెలిసినవాణ్ణే కదండీ అడగాలి?"

"పంపు తెలిసినవాడికి పంపుతో సంబంధం ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే అనుకోండి."

"అక్కడే దోషం ప్రవేశిస్తోంది నరసింగరావు గారూ. అతనికి పంపు మీద మమకారం ఉంటుంది. బాగుచేద్దాం అంటాడు. పంపు అంటే ఏమిటో తెలియనివాడైతే నిష్పక్షపాతంగా ఆలోచిస్తాడు."

"ఏమని ఆలోచిస్తాడండీ?"

"అది మనం ముందే ఊహించడం కూడా పక్షపాతమే" అన్నారు రంగధామం గారు. నరసింగరావు గారు కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఏ మీటింగులోనూ లేవలేదు.

తెలిసి ఉండటమే సంబంధం అని తేలాక, మండలి వ్యవహారాలు బొత్తిగా తెలియని మనిషి కావలసివచ్చాడు. బయటివాణ్ణి పెట్టుకుందామంటే బయట అందరికీ కొద్దో గొప్పో తెలుసు, రోజూ కుళాయి దగ్గర నిలబడి మమ్మల్ని తిట్టుకునేవాళ్ళే కదా. లోపలి వాళ్ళకే పరీక్ష పెట్టారు. మండలి పని గురించి వంద ప్రశ్నలు. ఎవరికి తక్కువ మార్కులొస్తే వాళ్ళు ప్రధాన సలహాదారు. చల్లటి గది, సోఫా, పూటపూటా కాఫీ.

ఆ కాఫీ కోసం మావాళ్ళు పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. తెలిసిన జవాబు రాయకుండా ఉండటానికి పళ్ళు బిగబట్టుకు కూర్చున్నారు. నరసింగరావు గారు అన్నీ తప్పులే రాసుకొచ్చి, చివర్లో చెయ్యి జారి నీళ్ళు గోదావరి నుంచి వస్తాయని రాసేశారు. ఒక్క మార్కొచ్చి పరువు పోయింది. క్యాషియర్ తెల్ల కాగితం ఇచ్చాడు గానీ, ఇది తెలియనితనం కాదు, దాచడం అని ఆయన్ని తప్పించారు.

నేను మాత్రం నిజాయితీగా రాశాను. మా నాన్న మీద ఒట్టు, ఒక్క జవాబూ కావాలని తప్పు రాయలేదు. ఇన్నేళ్ళ సర్వీసు ఉంది, మంచి మార్కులొస్తే రంగధామం గారి దృష్టిలో పడతానని ఒళ్ళు దగ్గర పెట్టుకుని, అదనపు కాగితాలు కూడా అడిగి రాశాను. సున్నా వచ్చింది. రంగధామం గారు నా జవాబు పత్రం చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇంత స్వచ్ఛమైన మనస్సు మన మధ్యే ఉందని గుర్తించలేకపోయాం" అన్నారు. శాలువా కప్పారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సుభద్ర పప్పు గరిటె పక్కన పెట్టి, "మీ ఆఫీసు వాళ్ళకి ఇన్నాళ్ళు పట్టిందా?" అంది. పెళ్ళయిన వారానికే తనకి తెలిసిందట.

అలా పొద్దున్న పూట సూపరింటెండెంట్‌ని, మధ్యాహ్నం పూట ప్రధాన సలహాదారుని అయ్యాను. పొద్దున్న పూటే కష్టంగా ఉండేది. ప్రమీలారాణి మా సెక్షన్ మనిషే కాబట్టి ఆవిడని నేను సలహా అడగకూడదు, ఆవిడ చెప్పకూడదు. ఆవిడ నోరు మూసుకుని ఫైలు నా ముందు పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టేది. పెట్టకూడని ఫైలైతే చుక్క ఉండేది కాదు. చుక్క సలహా కిందికి రాదని నేను మనస్సుకి సర్దిచెప్పుకున్నాను. ఆవిడ కాగితం మీద మాత్రం రోజూ చుక్క పెట్టి, నా ఫైళ్ళలో అన్నిటికంటే పైన ఉంచేది. దాన్ని నేను జాగ్రత్తగా తీసి అడుగున పెట్టేవాణ్ణి.

మధ్యాహ్నాలు హాయిగా గడిచేవి. అంతలో ఒక ముప్పు వచ్చిపడింది. సామర్లకోట ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన తన గోడు చెప్పుకుంటూ, మీటరు ఎలా తిరుగుతుందో చేతులు తిప్పి మరీ చూపించాడు. సాయంత్రం కాఫీ దగ్గర నేను యథాలాపంగా రంగధామం గారితో, "మీటర్లో చిన్న చక్రం ఉంటుందటండీ" అన్నాను. ఆయన కప్పు కింద పెట్టేశారు.

"విశ్వపతి గారూ! మీకు తెలిసిపోతోంది!"

"అబ్బే, చక్రం ఒక్కటేనండి."

"ఈరోజు చక్రం అంటారు, రేపు గొట్టం అంటారు. ఇలా వింటూ పోతే మీరు ఆరు నెలల్లో పనికి రాకుండా పోతారు" అన్నారు. నాకూ భయం వేసింది. గదీ సోఫా పోతాయి కదా.

సలహాదారుకి సమస్య తెలియకూడదని రెండో ఉత్తర్వు వచ్చింది. నా గదిలో నల్లటి తెర కట్టారు. తెర అవతల మా సీనియర్ అటెండరు సింహాచలాన్ని "సమస్యా శుద్ధి అధికారి"గా కూర్చోబెట్టారు. మేం నీళ్ళని వడగట్టినట్టే అతను సమస్యల్ని వడగట్టాలి. ముందు పేర్లు తీసెయ్యాలి, తర్వాత ఊళ్ళు, తర్వాత వస్తువులు. తేరుకున్నాక మిగిలింది నాకు చెప్పాలి. సింహాచలం ఆ రోజు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరు పిలిచినా నెమ్మదిగా తల తిప్పడం మొదలుపెట్టాడు.

"సలహాదారు గారికి నమస్కారం. ఒకటి కారుతోందటండి" అనేవాడు తెర వెనక నుంచి.

"దేంట్లోంచి?"

"అది వడగట్టేశానండి."

నేను సోఫాలో వెనక్కి వాలి ఆలోచించేవాణ్ణి. "కారేదాన్ని ఆపడం మన చేతుల్లో లేదు. ఓపిక పట్టమను" అనేవాణ్ణి. ఆ కారుతున్నది పెద్ద మార్కెట్ కింద పోయే అసలు గొట్టం. మూడు రోజులు ఓపిక పట్టారు. నాలుగో రోజు మార్కెట్లో ఉల్లిపాయలు తేలాయి. రంగధామం గారు విచారణ జరిపించి, "సలహాదారు మార్కెట్ అని గాని, గొట్టమని గాని తెలియకుండానే సలహా ఇచ్చియున్నారు. వారి నిష్పక్షపాతము సందేహాతీతము" అని నివేదిక రాశారు. ఓపిక పట్టినందుకు అక్కడి ఇంజినీరుకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం బిందెలతో వచ్చి తిట్టిపోశారు. వాళ్ళు సంబంధం ఉన్నవాళ్ళు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం గోంగూర మాంసం గట్టిగా దట్టించి, సోఫాలో ఒరిగాను. తెర అవతల గాజుల చప్పుడు వినిపించింది. ఎవరో ఆడమనిషి సింహాచలంతో గుసగుసలాడుతోంది. కాసేపటికి సింహాచలం గొంతు సవరించుకున్నాడు.

"సలహాదారు గారికి నమస్కారం. ఒకరిది ఒకటి ఇంకొకరి దగ్గర ఉండిపోయిందండి. అడిగితే ఇదుగో ఇస్తా, అదుగో ఇస్తా అంటన్నారంట. ఇవ్వడానికి ఆయనకి ఖర్చేమీ లేదంట. ఇవ్వకపోడం వల్ల ఒక చిన్నపిల్ల ఏడుస్తోందంట."

"చిన్నపిల్ల అని చెప్పావేం? వడగట్టలేదా?"

"అది ఎంత వడగట్టినా పోలేదండి" అన్నాడు సింహాచలం.

నా కడుపు నిండి ఉంది, మనస్సు మెత్తగా ఉంది. నాకు నిజంగానే ఒళ్ళు మండిపోయింది. లేచి కూర్చున్నాను. "ఎవడయ్యా ఆ ప్రబుద్ధుడు? ఖర్చు లేని పని చెయ్యడానికి వాడికొచ్చిన రోగమేమిటి? పసిపిల్ల ఉసురు పోసుకుంటాడా? ఆ వెధవని సిగ్గు తెచ్చుకోమను. ఈ సాయంత్రంలోగా ఇచ్చి తీరాలి. ఇదే నా సలహా" అన్నాను.

తెర అవతల నుంచి, "చాలా థాంక్సండి సార్" అని ఆడగొంతు వినిపించింది. ఆ గొంతు నాకు బాగా అలవాటైనదే అనిపించింది గానీ, తెర ఉన్నప్పుడు గుర్తుపట్టకూడదని నియమం. నేను నియమాలు పాటించే మనిషిని.

మామూలుగా ఇంటికెళ్ళే ముందు ఒకసారి సెక్షన్‌లో కనిపించి వెళతాను. ఆ సాయంత్రం నా బల్ల ముందు ప్రమీలారాణి, సింహాచలం నిలబడి ఉన్నారు. బల్ల మీద ఒకే ఒక్క కాగితం. దాని మీద చుక్క.

"చూద్దామమ్మా. ముందు దసరా వెళ్ళనీ" అన్నాను.

సింహాచలం నెమ్మదిగా తల తిప్పాడు. "అలా కుదరదండి. ప్రధాన సలహాదారు గారు తమరికి సలహా ఇచ్చారండి. 'ఎవడయ్యా ఆ ప్రబుద్ధుడు' అని మొదలెట్టారు. మిగతాది కూడా చెప్పమంటారా?"

"ఒరేయ్, అది నేనేరా!"

"సలహాదారు గారా, వెధవ గారాండి?"

"రెండూ నేనే!"

ఇన్నేళ్ళలో నేను ఎవరి సాయమూ లేకుండా చెప్పిన సరైన జవాబు అదొక్కటే. సెక్షనంతా పెన్నులు ఆపి చూస్తోంది. నేను ప్రమీలారాణి వైపు తిరిగాను. "ఇదేం పనమ్మా? నన్నే నా మీదకి ఉసిగొల్పుతావా?"

"మరేం చెయ్యమంటారండి? ఎవర్ని అడగాలో నాకు మొదట్నుంచీ తెలుసండి. ఎలా అడగాలో తెలీక ఇన్నాళ్ళు పట్టింది" అంది. అని ఊరుకోలేదు. "మీకు మీరని తెలిస్తే మీరెప్పుడూ ఇవ్వరు కదండీ. తెలీకపోతే ఎంత మంచివారో!"

నేను పరుగున రంగధామం గారి గదికి వెళ్ళాను. ఈ సలహా చెల్లదు, ఆ విషయంతో నాకు పీకలదాకా సంబంధం ఉందని మొరపెట్టుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నన్ను కౌగిలించుకున్నారు.

"సంబంధం ఉన్న సంగతి సలహా ఇచ్చేటప్పుడు మీకు తెలుసా?"

"తెలియదండి. తెలిస్తే ఇస్తానా?"

"అదీ! తనని తానే వెధవ అనగలిగిన సలహాదారు ఏ మండలిలో ఉన్నాడు చెప్పండి? మన విధానము యొక్క పరాకాష్ఠ ఇది. వెంటనే అమలుపరచండి. శాలువా నేను సిద్ధం చేయిస్తాను" అన్నారు.

తిరిగొచ్చి సంతకం పెట్టాను. సంతకం చుక్క మీద పడలేదు, పక్కన పడింది. ప్రమీలారాణి కాగితం తీసుకుని, ఆరేదాకా ఊది, మడత పెట్టకుండానే సంచిలో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. తన ఫ్లాస్కు, కుర్చీ మీది దిండు, బల్ల మీద పిల్ల ఫొటో తీసుకుంది. ఆ ఫొటో ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉంది. పిల్లకి ముందు రెండు పళ్ళు లేవన్న సంగతి అప్పుడే చూశాను. నిజం చెప్పొద్దూ, నా మీద నాకే అసహ్యం వేసింది.

"రేపట్నుంచి నేనెవర్ని అడగాలమ్మా?" అన్నాను.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "ఇప్పుడు నేను మీ సెక్షన్ మనిషిని కాను కదండీ. ఏ సంబంధమూ లేదు కాబట్టి సలహా చెప్పొచ్చు. చెప్పమంటారా?"

"చెప్పమ్మా."

"పని నేర్చుకోండి సార్" అంది. "ఏమంత కష్టం కాదండి. నేను చేశాను కదా." వెళ్ళిపోయింది.

సలహా పుచ్చుకున్న రోజే అమలుపరచాలని ఉత్తర్వు. మర్నాటి నుంచి మొదలుపెట్టాను గానీ, నా జన్మకి అదే చాలా తొందర. ఒక్క ఫైలు మీదా చుక్క లేదు. మొదటి ఫైలు తలకిందులుగా పట్టుకున్నానని రెండో పేజీలో తెలిసింది. చివరికి ఫైలు చంకలో పెట్టుకుని నరసింగరావు గారి గదికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, "ఏవండీ, వాల్వు అంటే ఏమిటండీ?" అన్నాను. ఆయన ముందు కిటికీ మూశారు. ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి, ఎంతో ఆప్యాయంగా చెప్పారు. పాపం ఆయన్ని ఎవరూ ఏమీ అడక్క ఎన్నాళ్ళయిందో! తిప్పితే నీళ్ళు ఆగుతాయట, మళ్ళీ తిప్పితే వస్తాయట. ఇంత చక్కటి సంగతి ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదే అనిపించింది. అడిగితే కదా చెప్పడానికి.

ఎలా పొక్కిందో గానీ వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ప్రధాన సలహాదారు శ్రీ విశ్వపతికి విషయ పరిజ్ఞానము సంభవించినట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినందున, వారు ఇకపై ఎట్టి సలహాకూ అర్హులు కారని ప్రకటించడమైనది." శాలువా కూడా వెనక్కి తీసుకున్నారు. రంగధామం గారు నా మొహం చూడలేక పక్కకి తిరిగి, "మీలాంటి వారి నుంచి ఇది ఊహించలేదు" అన్నారు.

ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించి, పాలకొల్లు ఫోన్ చేశాను. ప్రమీలారాణి వంటింట్లో ఉన్నట్టుంది, పిల్ల ఎత్తింది. పళ్ళ సందుల్లోంచి గాలి వస్తోంది.

"ఎవలూ?"

నా పేరు చెబితే దానికేం తెలుస్తుంది? సూపరింటెండెంట్ అంటే అసలే తెలియదు. మీ అమ్మకి పై అధికారిని అని చెప్పబోయి, నోరు రాలేదు.

"మీ అమ్మ దగ్గర పని చేసేవాణ్ణమ్మా" అన్నాను.

"మా అమ్మ ఇంక రాదు" అని ఫోన్ పెట్టేసింది.